పిలిచినప్పుడు వెళ్ళని ఇల్లు

మాస్టారు పోయారన్న కబురు ఆదివారం పొద్దున వచ్చింది. ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాటు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే ఘాజియాబాద్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "దీదీ, అప్పా నహీ రహే" అంది. "వచ్చేవారం వద్దామనుకున్నాను" అన్నాను హిందీలో. ఆ అమ్మాయి, "ఠీక్ హై దీదీ. అబ్ ఆ జాయియే" అంది, ఇప్పుడు రండని.

ఆయన నాకు బడిలో చదువు చెప్పిన మాస్టారు కాదు. కుంభకోణం దగ్గరి పల్లెలో పుట్టి, ఢిల్లీ బడిలో తమిళం చెప్పి రిటైరైన మనిషి. మావారు ఎయిర్‌ఫోర్సులో రిటైరయ్యాక నేను ద్వారకలోనే ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో చేరాను. అక్కడ తమిళనాడు యాత్రలన్నీ ఆయనే దగ్గరుండి నడిపించేవారు. అందరికీ మాస్టర్‌జీ, నాకు మాస్టారు. భార్యది చిత్తూరు వైపు కావడంతో తెలుగు వచ్చు. ఒక్కొక్క మాటా ఏరుకుని, చివర కాస్త సాగదీసి మాట్లాడేవారు.

యాత్రకు ముందు శనివారం మధ్యాహ్నం ప్రయాణికులందరినీ ఆఫీసుకు పిలిచేవారు. సంచిలో అరటాకులు చుట్టి తెచ్చేవారు. బల్ల మీద ఆకు పరిచి, కొస ఎడమవైపు ఉండాలని, నీళ్ళు చిలకరించి తుడుచుకోవాలని, తిన్నాక తనవైపుకు మడవాలని చేసి చూపించేవారు. విభూతి ఎలా అందుకోవాలో, మిగిలినది ఎందుకు కింద రాల్చకూడదో, ఏ గుళ్ళో మగవాళ్ళు చొక్కా విప్పాలో చెప్పేవారు. గ్లాసు పెదవికి తగలకుండా నీళ్ళు తాగడం అందరిచేతా చేయించేవారు. ఒకసారి గుర్‌గావ్ నుంచి వచ్చిన బ్యాంకు ఆఫీసరు ఒకాయన చొక్కా నిండా నీళ్ళు పోసుకుని సిగ్గుపడిపోయాడు. అందరూ నవ్వబోతున్నారు. అంతలో మాస్టారు తన గ్లాసు ఎత్తి కాసిని నీళ్ళు తన చొక్కా మీదా ఒంపుకుని, "నాకూ ఇంకా సరిగ్గా రాలేదు సార్" అన్నారు హిందీలో. నవ్వు ఇద్దరికీ పంచేశారు.

"అక్కడ ఎవరైనా 'సాప్ట్టీంగళా' అంటారు. తిన్నారా అని. నవ్వుతూ జవాబు చెప్పండి. మీ కడుపు సంగతి అడుగుతున్నారు, అంతకంటే దగ్గరి మాట ఏముంటుంది?" అనేవారు. ఫోటోల గురించి ఆయన చెప్పేది ఒకటే. "గోపురాన్ని ఎన్నిసార్లైనా తీసుకోండి. మనిషిని మాత్రం అడిగి తీయండి."

నాకు ఇదంతా వృథా అనిపించేది. మాది అనకాపల్లి. ఆకులో తినడం, కుడిచేత్తో ఇవ్వడం మనకు తెలియనివా? పక్క రాష్ట్రమే కదా అనుకునేదాన్ని. మా ఓనరుదీ అదే పాట. "మేడమ్, సాటర్‌డే కో కిస్‌కే పాస్ టైమ్ హై? వాట్సాప్ పే డాల్ దీజియే" అన్నాడు, శనివారం ఎవరికి తీరిక, వాట్సాప్‌లో పెట్టేయమని. ఆయన గంటసేపు చెప్పే మాటల్ని నేను పది వాక్యాలకు కుదించాను. ఓనరు మెచ్చుకున్నాడు. మాస్టారికి నా ఫోన్ చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "తప్పులేం లేవమ్మా" అన్నారు. అంతే.

ఆ వారం సమావేశం లేదని ఆయనకు చెప్పాల్సింది నేనే. మర్చిపోయాను. శనివారం ఎప్పటిలాగే ఆకుల సంచితో ఘాజియాబాద్ నుంచి అంత దూరం వచ్చారు. ఖాళీ కుర్చీలు చూసి నా వంక చూశారు. "సారీ మాస్టారూ, కేన్సిల్ అయింది" అన్నాను కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే. ఆయన సంచి బల్ల మీద పెట్టి మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయారు. సోమవారానికి ఆకులు వాడిపోయాయి. నేనే చెత్తబుట్టలో పడేశాను.

ఆ యాత్రకు నేనూ వెళ్ళాను. కుంభకోణం అవతల ఒక పల్లెలో, మాస్టారికి ఎన్నో ఏళ్ళుగా తెలిసిన ఒక పెద్దావిడ ఇంట్లో మాకు భోజనం. ఇరవై మందికి ఆవిడా కోడలూ వండారు. మావాళ్ళలో సగంమంది నిలబడే ఫోన్లలో మాట్లాడుతున్నారు. ఒకాయన అడగకుండా వంటింట్లోకి వెళ్ళి వీడియో తీశాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. భోజనాలు కాగానే వాకిట్లో నిలబడి చప్పట్లు కొట్టి, "చలియే చలియే, బస్!" అని అందర్నీ తరిమాను. రైలుకు ఇంకా చాలా టైముంది. దారిలో పట్టుచీరల షాపు ఒకటి ప్రోగ్రాంలో రాసుకున్నాం, తొందరంతా దాని కోసం.

బస్సు కిటికీలోంచి చూస్తే పెద్దావిడ పళ్ళెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు పట్టుకుని గడప దాటి వచ్చింది. బస్సెక్కేసిన ఆడవాళ్ళ కోసం. వాకిట్లో మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఆయన రెండు చేతులూ చాచి ఆ పళ్ళెం అందుకున్నారు. తల వంచి ఏదో అన్నారు. బస్సెక్కి ఒక్కొక్క సీటు దగ్గరా ఆగి, "ఆ ఇంటి అమ్మ ఇచ్చారు" అంటూ ఆడవాళ్ళందరికీ తమలపాకులు పంచారు. నా దగ్గరికి వచ్చేసరికి నేను చీరల షాపువాడితో ఫోన్లో ఉన్నాను. నా ఒళ్ళో ఆకులు పెట్టి వెళ్ళి తన సీట్లో కూర్చున్నారు.

తిరుచ్చి స్టేషన్లో మాత్రం, "అమ్మా, ఆవిడ మనల్ని ఇంకా పంపలేదు. మనమే లేచి వచ్చేశాం" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నేను వాదించేదాన్ని, మర్చిపోయేదాన్ని.

తర్వాత మరొక్క యాత్ర చేసి, మోకాళ్ళ నొప్పులని మానేశారు. పండగలకు ఫోన్ చేసేవారు. ఎప్పుడూ ఒకటే మాట, "నువ్వూ మీ ఆయనా ఒకరోజు భోజనానికి రండమ్మా." "తప్పకుండా మాస్టారూ" అనేదాన్ని. ద్వారకలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఘాజియాబాద్‌లో వాళ్ళవైపు ఉండే వైశాలి స్టేషన్లో దిగొచ్చు. అక్కడినుంచి ఆటోలో పది నిమిషాలు. దూరమని చెప్పుకోవడానికి కూడా లేదు. వెళితే క్షమించమని అడగాలి, అది చేతకాక మూడేళ్ళు గడిపేశాను. పరాయి ఇంట్లో ఎలా మెలగాలో అంతమందికి నేర్పిన మనిషి గుమ్మం నేను ఒక్కసారీ తొక్కలేదు.

ఆ ఆదివారం వెళ్ళాను. మాస్టారి భార్య, ఆంటీ, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఉండబట్టలేక ఆ పల్లెలో జరిగింది చెప్పేశాను.

"నాకు తెలుసులేమ్మా. ఆ తర్వాత ఆవిడ ఫోన్ చేసి బాధపడింది."

"మాస్టారు ఏమన్నారు ఆంటీ?"

"తప్పంతా తనదే అన్నారు. ఈసారి మావాళ్ళకు నేను ముందుగా అన్నీ చెప్పి తీసుకురాలేదు, మన్నించండి అన్నారు."

ఆ శనివారం ఆకుల సంచితో వచ్చి తిరిగి వెళ్ళిన సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదని నాకప్పుడు తెలిసింది. నేనూ చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

"పదమూడో రోజు భోజనానికి రా, ఆయన చాలాసార్లు పిలిచారుగా" అన్నారు ఆంటీ.

వెళ్ళాను, మావారితో. మూడో అంతస్తులో మెట్లకు ఎదురుగా వాళ్ళ గుమ్మం. పన్నెండు రోజులుగా ముగ్గు లేని ఆ నేల మీద కూతురు వంగి బియ్యప్పిండితో ముగ్గు వేస్తోంది. ఢిల్లీలో పెరిగిన పిల్ల, చుక్కలు సరిగ్గా కుదరక రెండుసార్లు చెరిపింది. పై అంతస్తు పంజాబీ ఆవిడ కూరగాయల సంచులతో మెట్లెక్కి వచ్చింది. ముగ్గు చూసి ఆగింది. చున్నీ కొస పైకి తీసి భుజాన వేసుకుని, సంచులు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని, గోడను ఆనుకుని పక్కగా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దాటి వెళ్ళింది. పిండి ఒక్క గీత కూడా చెదరలేదు.