తాత పంచెలో మమ్మీ

ఈజిప్టు రాజుల సమాధులు అదిరిపోయిన మహాగాథ ఒకటి చెబుతాను, గుండె చిక్కబట్టుకోండి. సరే, నిజం చెప్పేస్తాను. సమాధులకు ఈ సంగతే తెలియదు. అదిరింది సముద్రం అవతల మా ఊరు సుంగై పెటానిలో మా నాన్నమ్మ ఒక్కతే. అదీ ఓ గంటసేపు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మమ్మీల పిచ్చి. మెదడును ముక్కులోంచి ఎలా లాగేవారో కనిపించినవాడికల్లా వివరించేవాణ్ణి. అందుకే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర ఎప్పుడూ చోటుండేది. ఆ ఏడు ఫ్యాక్టరీలో హాలోవీన్ వేషాల పోటీ పెట్టారు. నేను మమ్మీ కాకపోతే ఇంకెవడు అవుతాడు? బీరువాలో తెల్లటి కొత్త పంచె కనిపించింది. పర్రున పేలికలు చేశాను. టీ నీళ్లలో ముంచి అరగంటలో మూడువేల ఏళ్లు పాతది చేశాను. ఫ్యాను కింద ఆరబెట్టి చుట్టుకున్నాను. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు. నాకు చావు రాకుండానే ఒక కన్ను కట్టులో పోయింది.

ఆ రాత్రే పోటీ. మరునాడు దీపావళి. ముందురోజు సాయంత్రం మా ఇళ్లలో పోయినవాళ్ల ఫొటో ముందు ఆకు వేసి, వాళ్లకిష్టమైనవి వడ్డించి, కొత్తబట్ట పెడతాం. ఆ సంగతి నాకు తెలుసు. ఆ బట్ట అప్పటిదాకా ఎక్కడుంటుందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

వంటింట్లోంచి నాన్నమ్మ కేకేసింది. "ఒరే, బీరువాలో మీ తాత పంచె ఉంది, పట్రా!"

తెచ్చాను. ఒంటిమీద.

"ఓలమ్మో! ఏట్రా ఈ కట్లు? మోటర్‌సైకిల్ మీంచి పడినావా?"

"మమ్మీని, నాన్నమ్మా."

"పంచేదిరా?"

"ఇదే."

నాన్నమ్మ గారెల పళ్లెం కింద పెట్టింది. "ఏడాదికి ఒక్క బట్ట పెడతాను ఆయనకి. ఇప్పుడేటి పెట్టేది?"

ఆమె కళ్లలో నీళ్లు.

ఫొటో ముందు ఆకు వేస్తున్న చిన్నాన్న గడియారం చూశాడు. "రోడ్డంతా జామ్ అయిపోనాది, అమ్మా. టౌనుకెళ్లి కొనుక్కొచ్చేసరికి ఏళ దాటిపోద్ది. ఆ ముక్కలే పెట్టేయ్."

"మొగుడికి పేలికలు పెడతానా?" నాన్నమ్మ కళ్లు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. "పంచె ఈడి మీదే ఉంది గదా. ఈడినే కూకోబెట్టు."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందట. మమ్మీని చేయబోతే నేను నైవేద్యమయ్యాను. ఫొటో కింద, అరిటాకు పక్కన గంటసేపు. మేకమాంసం కూర, గారెలు ముక్కుకింద పొగలు కక్కుతున్నాయి. చెయ్యి కదిపాను.

"కదలకు. నువ్వు బట్టవి."

సాంబ్రాణి పొగకు ఫొటో దద్దరిల్లేలా తుమ్మాను. చిన్నాన్న చటుక్కున దండం పెట్టాడు. "నాన్నొచ్చినాడే!"

"నీ మొహం. ఈడికి జలుబు," అంది నాన్నమ్మ. ఫొటో వైపు చూసింది. ఉన్నట్టుండి నవ్వింది. "పెళ్లినాడే పంచె సరిగ్గా కట్టుకోలేదు ఈయన. ఇదెలాగున్నా ఏటనుకోడులే." కట్టు కాస్త పక్కకు లాగి నా నోట్లో గారె పెట్టింది.

పోటీకి వెళ్లేసరికి కుర్చీలు ఎత్తేస్తున్నారు. నేనూ నాలుగు ఎత్తాను.

కనుక సకల దేవతల సాక్షిగా, ఆ గారె సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: దీపావళి ముందు మా ఇంటి బీరువా జోలికి ఈ జన్మలో పోను.

అన్నట్టు, తలనుంచి చుడితే నాలుగు మూరల పంచె నడుము దాకానే వస్తుంది. నిలువెల్లా చుట్టాలంటే రెండు కావాలి.