వలదిబ్బ పటంలోకెక్కిన పూట

కొండలయ్య వంగి చూశాడు. నిన్న సాయంత్రం తను సున్నంతో వేసిన గుర్తు లేదు. దాని చోట పచ్చగా కళ్ళాపి, కళ్ళాపి మీద పెద్ద పద్మం ముగ్గు.

"అక్కా! ఇక్కడ నేనేసిన ప్లస్సు గుర్తేదే?"

చేపల బుట్ట కడుగుతున్న గంగారత్నం తలెత్తింది. "అది నువ్వేశావా? ఎవడో తాగుబోతు నా గుమ్మం ముందు రెండు గీతలు గీసిపోయాడనుకున్నా. సుబ్బరంగా చల్లి ముగ్గేశా. బాలేదా ఏం?"

"బాలేకపోవడమేంటి! కొంప ముంచావే!"

పరుగున మిగతా నాలుగు చోట్లకీ వెళ్ళాడు. అక్కడా అంతే. గుర్తులన్నీ కళ్ళాపి కింద కలిసిపోయాయి.

తప్పు ఆడవాళ్ళది కాదు, తనదేనని కొండలయ్యకి తెలుసు. పుట్టింది ఈ వలదిబ్బలోనే. నాగాయలంక అవతల, ఒకపక్క ఉప్పుటేరు, ఒకపక్క మడ అడవి, మధ్యలో గుప్పెడు ఇళ్ళు. ఐదో తరగతిలో బడి మానేసి బెజవాడ పోయాడు. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో సుత్తి పట్టి, కుడి భుజం అరిగిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు. ఇక సుత్తి లేవదని తేలాక సర్వే వాళ్ళ దగ్గర గడ మోసే పనిలో చేరాడు. కాపురం పటమటలో, మెట్ల కింద గది. సిమెంటు నేల. అక్కడ వాకిలీ లేదు, కళ్ళాపీ లేదు. తెల్లారేసరికి ఊళ్ళో ప్రతి ఆడమనిషీ ఏం చేస్తుందో అన్నేళ్ళలో మర్చిపోయాడు. ఆటుపోట్లకి తడవని గట్టినేల ఇళ్ళ ముందే ఉంది కదా అని గుర్తులన్నీ వాకిళ్ళలోనే వేశాడు. మనవాళ్ళేగా అని ఎవరికీ చెప్పలేదు.

ఆ గుర్తులు ఎందుకో, పనిలో చేరిన మొదటి వారంలోనే మనోజ్ఞ చెప్పింది. బెంజ్ సర్కిల్ ఆఫీసు నుంచి వచ్చిన సర్వేయరమ్మాయి ఆమె.

"డ్రోను తీసిన ఫొటోలన్నీ అతికిస్తే పెద్ద ఫొటో వస్తుంది, కొండలయ్య గారూ. కానీ అది భూమ్మీద ఎక్కడ కూర్చోవాలో దానికి తెలీదు. అందుకే నేల మీద గుర్తులు పెట్టి, వాటి అక్షాంశం, రేఖాంశం కొలిచి ఉంచుకుంటాం. ఫొటోలో ఆ గుర్తుల్ని పట్టుకుని దాన్ని దాని చోట కూర్చోబెడతాం. వాటినే కంట్రోల్ పాయింట్లంటారు."

"లారీ మీద టార్పాలిన్ లాగన్నమాట మేడమ్. తాళ్ళేసి కొక్కేలకి బిగించకపోతే పక్కకి జారిపోద్ది."

"అంతే! నేనూ ఇకనించి అలాగే చెప్తా."

ఇప్పుడు ఒక్క తాడూ లేదు. డ్రోను ఇక్కడుండేది ఈ పూటే. రేపట్నించి ఏటి అవతల ఇంకో మండలం. ఇవాళ పని చెడితే వలదిబ్బ పాత పటంలో ఉన్నట్టే ఉండిపోతుంది. ఆ పటంలో ఇక్కడ ఉన్నది చిత్తడి నేల గుర్తు మాత్రమే. కుళాయి అడగబోతే, రోడ్డు అడగబోతే, ఏ ఆఫీసులోనైనా పటం తీసి "ఇక్కడ ఊరేదయ్యా?" అనేవాళ్ళు. కొండలయ్య నాన్న ఆ మాట వింటూనే పోయాడు.

మనోజ్ఞ వచ్చి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. సున్నం బస్తా నిన్ననే ఖాళీ. నాగాయలంక పోయి తెచ్చేలోపు సముద్రం గాలి లేస్తుంది.

"గాలి లేస్తే నేను ఎగరెయ్యను మేడమ్, ముందే చెప్తున్నా" అన్నాడు డ్రోను నడిపే పవన్‌కుమార్.

గంగారత్నానికి రోషం వచ్చింది. "ఏందంట ఇప్పుడు? పైనుంచి తెల్లగా కనబడాలి, అంతేగా? మా తమ్ముడి రెండు గీతలు కనబడితే నా పద్మం కనబడదా?"

"ఊరంతా ముగ్గులే కదా అత్తా! ఏది గుర్తో కెమెరాకేం తెలుసు?" పవన్‌కుమార్ నవ్వాడు.

మనోజ్ఞ నవ్వలేదు. ముగ్గు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "కనబడుద్దమ్మా. గీతలు సన్నం కాబట్టి రేకుల నిండా పిండి నింపాలి. నడిమి చుక్క ఒక్కటీ ఖాళీగా ఉంచండి, నల్లగా తేలుతుంది. నిన్నటి కొలతలు పనికిరావు, ఈ చుక్కల మీద గడ పెట్టి మళ్ళీ కొలుద్దాం. ఊరి నాలుగు మూలలా ఇలాంటి పద్మాలే నాలుగు, మధ్యలో ఒకటి. మిగతా ముగ్గులన్నీ చెరిపెయ్యాలి." కొండలయ్య వైపు చూసింది. "అది మీరే చెప్పాలి."

పొద్దున్నే వాకిట్లో ముగ్గు చెరుపుకోమని ఆడవాళ్ళకి చెప్పడం! కొండలయ్య మొదట ఉష ఇంటికి వెళ్ళాడు. ఊరికొచ్చిన కొత్త కోడలు, ముగ్గుల్లో గంగారత్నానికి పోటీ.

"పిన్నిది ఉంచి నాది చెరపాలా? నా ముగ్గుకేమొచ్చింది మావయ్యా?"

"నీ ముగ్గు మధ్యాహ్నానికి కోళ్ళు కెలికేస్తాయమ్మా. నీ ఇల్లు పటంలోకెక్కితే ఎవడూ కెలకలేడు. నీళ్ళ కోసం పడవేసుకుని పోతున్నావే, ఎందుకు? ఇక్కడ ఇల్లే లేదని రాసి ఉండబట్టి."

ఉష చీపురు తీసింది. "నువ్వు చెయ్యి పెట్టమాక. నేనే చెరుపుకుంటా." చెరిపేసి, డబ్బాలో మిగిలిన ముగ్గుపిండి తెచ్చి గంగారత్నం ముందు పెట్టింది. "పిన్నీ, సరిగ్గా నింపు. వంకర పోతే ఊరుకోను."

అక్కణ్ణించి పని పరుగెత్తింది. ఇళ్ళల్లో ఉన్న పిండంతా బయటికొచ్చింది. ఐదు పద్మాలు తెల్లగా నిండాయి. కొండలయ్య ఒక్కో చుక్క మీదా గడ నిలబెట్టాడు. గడ నెత్తిన ఉన్న పుట్టగొడుగు లాంటి యంత్రం ఉపగ్రహాలతో మాట్లాడి చోటు చెబుతుంది. అది చెప్పేదాకా గడ కదలకూడదు, గడ నిలువు చూపే గాజుబిళ్ళలో బుడగ వలయం దాటకూడదు.

"భుజం నొప్పెడుతుందేంట్రా?" అంది గంగారత్నం.

"మాట్లాడించమాకే."

భుజంలో సూదులు గుచ్చినట్టుంది. పళ్ళు బిగపట్టాడు. ఐదో చుక్క దగ్గర మనోజ్ఞ "అయిపోయింది, వదిలెయ్యండి!" అన్నాక గాని ఊపిరి తియ్యలేదు.

డ్రోను లేచింది. ఆడవాళ్ళు ముగ్గులకి దూరంగా నిలబడి కోళ్ళనీ మేకలనీ కాపు కాశారు. "మీ తలలు అడ్డం రాకూడదు, ఇంకా వెనక్కి!" అని కొండలయ్య అరుస్తుంటే, "మా తలలు కూడా పటంలో పడనీయరా!" అని గంగారత్నం ఎదురు అరిచింది. డ్రోను దిగి నేల తాకేసరికి కొబ్బరి మట్టలు ఊగడం మొదలైంది.

"గాలికంటే ముందే దిగింది మేడమ్!" పవన్‌కుమార్ ఎగిరి గంతేశాడు.

తర్వాతి నెలలో మనోజ్ఞ ఇంటింటికీ సరిచూసుకోవడానికి వచ్చింది. బోర్లించిన పడవ మీద లాప్‌టాప్ పెట్టింది. ఊరంతా మూగింది.

"పటమంటే ఒకటి కాదు, పొరలు. ఇది పాత పొర."

వలదిబ్బ చోట చిత్తడి నేల గుర్తు, అంతే.

"ఇది మొన్న మనం తీసిన ఫొటో పొర. ఇది ఇళ్ళ పొర."

కప్పులు కనబడ్డాయి. ఒక్కో కప్పు చుట్టూ ఎర్రటి గీత. ప్రతి ఇల్లూ తన చోట తను కూర్చుంది.

"కొలిచి చూశాం, రెండు వేళ్ళ తేడా కూడా లేదు. పట్టాల సంగతి వేరు, అది ఇంకా దూరం. కానీ ఇకమీదట ఇక్కడ ఊరు లేదని మాత్రం ఎవరూ అనలేరు" అంది మనోజ్ఞ. ఒక గీత మీద నొక్కితే పక్కన ఖాళీ గళ్ళు తెరుచుకున్నాయి. "ఈ ఇల్లెవరిది?"

"నాది. గంగారత్నం అని రాయమ్మా. మా ఆయన పేరు తర్వాత చూద్దాం, ముందు నాది రాయి."

"తర్వాత మాది!" ఉష ముందుకు తోసుకొచ్చింది.

"ఆగండాగండి. ముందు ఊరి పేరు చెప్పండి."

అందరూ ఒక్కసారే అరిచారు. మనోజ్ఞ కొడుతుంటే కొండలయ్య తెర మీదికి వంగి, వచ్చిన అక్షరం వచ్చినట్టు పైకి చదివాడు. "వ... ల... ది... బ్బ." ఎర్రగీతల మధ్యలో పేరు నిలబడింది.

అతను వెనక్కి తిరిగాడు. ఏట్లో వలలు లాగుతున్న పడవల వైపు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, దిబ్బ మీది కాకులన్నీ లేచేలా కేకేశాడు.

"ఒరేయ్, మన ఊరు పటంలో పడిందిరా! వచ్చి మీ ఇళ్ళు చూసుకోండి!"

పడవలు ఒడ్డుకి మళ్ళాయి.