వేరే సంచిలో నా బట్టలు

మూడేళ్ల కిందటి మే నెల. పెళ్లైన పదకొండేళ్లకు మావారు నన్ను బండి మీద లద్దాఖ్ తీసుకెళ్తానన్నారు. ఆయన దోస్తులు ముగ్గురూ భార్యలతో వస్తారని చెప్పారు. నేను ఆఫీసుకు నెల సెలవు పెట్టి, బేగంబజార్ వెళ్లి తాళ్లు, టార్పాలిన్ కొనుక్కొచ్చాను. ముందురోజు దారిలో అందరికీ సరిపడా రొట్టెలు చేసి సర్దుతుంటే, "నీ బట్టలు వేరే సంచిల పెట్టు. రెండు దిక్కుల బరువు సమంగుంటది" అన్నారు. ఎంత ముందుచూపో అనుకున్నాను.

పొద్దున్నే మొఘల్‌పురాలో బయల్దేరి పురానాపూల్ వంతెన దగ్గర ఆగాం. అక్కడ ముగ్గురూ మగవాళ్లే ఉన్నారు.

"మొన్ననే లేడీస్ వద్దనుకున్నం గదా భాయ్, భాబీని తెచ్చినవేంది?" అన్నాడొకతను.

మావారు నావైపు చూడకుండా నా సంచి తాడు విప్పి కింద పెట్టారు.

"నువ్వు ఆటోల ఇంటికి పో. లొల్లి చెయ్యకు, అందరు చూస్తున్నరు."

"ఇంట్లనే చెప్పొద్దా?"

"చెప్తే గిన్ని రొట్టెలు చేసిస్తుంటివా?"

నలుగురూ నవ్వారు. నాలుగు బండ్లూ వంతెన దాటిపోయాయి. ఏడుస్తున్నానని డ్రైవర్‌కు తెలియకూడదని, హెల్మెట్ తీయకుండానే ఆటో ఎక్కాను.

ఇప్పటికీ చుట్టాలొస్తే ఆయన ఆ ఫొటోలు చూపిస్తారు. మొదటిదాంట్లో నలుగురూ రోడ్డు పక్కన కూర్చుని నా రొట్టెలు తింటున్నారు. "పాపం, ఈమెకు నడుం నొస్తది. అందుకే రాలే" అంటారు.

నా నడుముకు ఈ రోజుకీ ఏ నొప్పీ లేదు.