వాన పడ్డా వాసన రాని నేల

మీ ఇంటి కింద ఏముందో మీకు తెలుసా? దస్తావేజు చూపించకండి. అది హద్దులు చెబుతుంది, అడుగున ఉన్నది చెప్పదు.

అది తెలుసుకోవడమే ఒకామె ఉద్యోగం. దేశపటాన్ని గళ్లుగా విడదీసి, ప్రతి గడిలోనూ ఒకచోట మట్టి తీసి, అందులో ఏ లోహం ఎంత ఉందో తేల్చే సర్వేలో ఆమె నమూనాలు సేకరిస్తుంది. జానెడు లోతున ఒక సంచి, నడుము లోతున మరొకటి. భుజాన మోసే పనిముట్టును బట్టి తోటివాళ్లు ఆమెను గునపం అంటారు. అదే అసలు పేరనుకుని కొత్త గుమాస్తా ఒకసారి జీతాల పట్టీలోనూ ఎక్కించాడు.

ఈసారి గడిలో మట్టి తీయాల్సిన చోటు గుర్తు సరిగ్గా ఆమె అక్క ఇంటి పెరట్లో పడింది. కొత్త కాలనీ, అన్నీ ఒకే తీరు ఇళ్లు. అంతకుముందే వాన వెలిసింది. గేటు తీసిన గునపం అక్కడే ఆగిపోయింది. తడినేల నుంచి రావలసిన వాసన రావడం లేదు. ఎక్కడా చీమల బారు లేదు. తవ్వితే వానపాము కనిపించలేదు. పైన తెల్లని సుద్దమట్టి, దాని కింద నూనె పూసినట్టు మెరిసే నల్లని పొర. అడుగున ఉండవలసిన మట్టిని ఎవరో పైకి తెచ్చి, ఏదో వ్యర్థానికి మూత వేశారు.

గోడ మూల అక్క కూతురు వేళ్లు నాకుతోంది.

"ఏం తింటున్నావే?"

"మన్ను పిన్నీ. ఈ మూలదే తియ్యగా ఉంటుంది."

అక్క నవ్వింది. "ఎంత కోప్పడ్డా వినదు. అంతా నీ పోలికే."

గునపానికి నవ్వు రాలేదు. సీసం కలిసిన లవణాలు విషమే అయినా నాలుకకు తియ్యగా తగులుతాయని ఆమెకు తెలుసు.

ఫోన్‌లో విషయం చెబితే పై అధికారి తేలిగ్గా తీసుకున్నాడు. "తవ్వి పూడ్చిన నేలైతే గుర్తు జరపమని నిబంధనే ఉంది కదా తల్లీ. కాస్త అవతల తీసెయ్."

సహజమైన నేల స్వభావం తెలియడానికి పెట్టిన నిబంధన అది. దాన్నే ఇలాంటి విషాన్ని కప్పిపుచ్చడానికి వాడుకుంటే అడ్డుకునే మాట ఒక్కటీ అందులో లేదు.

బావ గుమ్మంలోకి వచ్చాడు. "ఏం మరదలా, ఇక్కడి మట్టి పట్టుకెళ్తే రేపు ఈ కొంప ఎవడు కొంటాడు? మేమెక్కడికి పోవాలి?"

"పరీక్షలయ్యేదాకా మా ఇంట్లో ఉండండి బావా."

"అయ్యాక?"

ఆమె గోడ మీదుగా అవతలికి చూసింది. వీధి పొడవునా పెరళ్లలో అదే తెలుపు, పిట్ట వాలని తెలుపు. పక్కింటి గోడ వెనక, చిన్న గోళ్లతో ఎవరో నేల గీకుతున్న చప్పుడు.

ఆమె మళ్లీ ఫోన్ తీసింది. "గుర్తు జరపను సార్. మట్టి తీయగానే పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్తున్నా."

రెండు సంచులు నింపాక, పిల్ల గీకిన మూల నుంచి మూడోది నింపింది. మూడింటి మీదా అక్క ఇంటి నంబరే వేసింది.