దులిపిన పండు దేవకమ్మది

సర్వేయరు మునికుమార్ మూడుకాళ్ల మిషన్‌ను చింతచెట్టు పక్కన నిలబెట్టి తెరలోకి చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. పుత్తూరు దాటాక అరవదేశానికి ఆనుకుని ఉన్న పల్లె అది. రెండు రాష్ట్రాల సర్వేవాళ్లు కలిసి హద్దురాళ్లు నాటుతున్నారు. గీత సరిగ్గా ఆ చెట్టు మొదలు మీదుగా పోతోంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలకు ఇంతకంటే మంచి చోటు దొరకలేదు కాబోలు!

"అవ్వా, ఈ చెట్టుకు పట్టా ఉండాదా?" అని అడిగాడు.

చెట్టు కింద గోతాలు పరుస్తున్న దేవకమ్మ తల ఎత్తింది. "నీళ్లు పోసినదానికి కాగితం అడగాలని నాకు తెలీదు నాయనా."

పట్టా లేకపోతే అది సర్కారు చెట్టు. రెండు సర్కార్లలో ఎవరిదో తేలాక వేలం వేస్తారు, పాడుకున్నవాడు దులుపుకుపోతాడు. డెబ్బై దాటిన దేవకమ్మకు ఏడాది పొడుగునా తిండి పెట్టేది ఈ ఒక్క చెట్టే. ఆ మాట చెప్పడానికి మునికుమార్‌కు నోరు రాలేదు, అయినా చెప్పాడు.

ఆమె గోతం కింద పెట్టి లేచింది. "ఇరవై రెండేళ్లప్పుడు నాటినాను. మూడు ఎండాకాలాలు ఆ బాయి కాడి నుంచి కడవతో మోసి పోసినాను. అప్పుడు ఏ సర్కారూ వచ్చి సెంబుడు నీళ్లు పోయలా."

అవతలి రాష్ట్రం సర్వేయరు జోయల్ ఇంటి భాష కూడా తెలుగే. అతను నవ్వాడు. "ఈ అవ్వ సంగతి మా తట్టు అందరికీ తెలుసు. ఒకసారి సంతకు పండు తెస్తావుంటే చెక్‌పోస్టులో ఆపి, ఏ రాష్ట్రం సరుకు, సెస్సు కట్టు అన్నారంట. ఈమె బుట్ట దించి, 'ఆ కొమ్మ మీ తట్టుది, ఈ కొమ్మ మా తట్టుది, పండ్లు కలిసిపోయినాయి, నువ్వే ఏరి సెప్పు' అనిందంట. ఆయప్ప నవ్వలేక చచ్చి పంపించేసినాడు."

"కథ బాగుండాదప్పా. సర్వే పుస్తకంలో రాయాలంటే చెట్టు ఈమె అనుభవంలో ఉండాదని సాక్ష్యం కావల్ల గదా," అన్నాడు మునికుమార్ దిగులుగా.

పొద్దుటి నుంచి రెండువైపుల ఊళ్ల ఆడవాళ్లూ చెట్టు కింద రాలిన కాయలు ఏరుకుంటున్నారు. అంతలో కూలిమనిషి కొమ్మెక్కి "దులపతాండా!" అని కేకేశాడు. అంతే, ఆడవాళ్లందరూ లేచి, నీడ వదిలి, మండే ఎండలోకి వచ్చి నిలబడ్డారు. పొమ్మని ఎవరూ అనలేదు.

ఎందుకు లేచారని మునికుమార్ ఒకామెను అడిగాడు. ఆమె వెర్రివాణ్ని చూసినట్టు చూసి, అరవంలో చెప్పింది. గాలికి రాలింది ఎవరు ఏరుకుంటే వాళ్లది, దులిపింది అవ్వది. అలా చెబుతుండగానే ఒక కాయ ఎగిరొచ్చి ఆమె పట్టుకున్న కొంగులో పడింది. ఆమె మాట ఆపి, నడిచివెళ్లి, దాన్ని దేవకమ్మ కుప్పలో వేసి వచ్చింది.

మునికుమార్ ఆ కుప్ప వైపే చూశాడు. పొలాల మధ్య మూరెడు గెనిమ గట్టు కోసం అన్నదమ్ములు కొడవళ్లు పట్టుకోవడం చూసినవాడు అతను. కంచెలు ఎన్నో కొలిచాడు, కోర్టు కాగితాలు ఎన్నో చూశాడు. ఇక్కడ కంచె లేదు, కాగితం లేదు, కాపలా లేదు. యాభై ఏళ్లుగా నిలిచిన హక్కు మాత్రం ఉంది. ఇంత గట్టి హద్దును అతను ఏ పటంలోనూ చూడలేదు.

పుస్తకం తెరిచి, అనుభవదారు అన్న గడిలో దేవకమ్మ పేరు రాశాడు. వేలం ఆగడానికి ఆ పేరు చాలు. జోయల్ తన పుస్తకంలో అదే పేరు అరవంలో రాశాడు.

చివరికి రాయి నాటడానికి గుంత తవ్వుతుంటే చెయ్యంత లావు వేరు బయటపడింది. కూలి గడ్డపార ఎత్తాడు. దేవకమ్మ పరుగెత్తుకొచ్చింది.

"రాయి నాటుకోండి నాయనా, నేనేం అడ్డం రాను. ఆ యేరు మాత్రం తెంచొద్దండి."

సర్వేయర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి రాతిని జానెడు పక్కకు జరిపి నాటారు. ఆ జానెడు ఏ రాష్ట్రం వదులుకుందో ఇద్దరిలో ఎవరూ రాయలేదు.