మోగాల్సిన పనిలేని కంచు పిడి

మా ఇంటి వెనక రేకుల కొట్టంలో నాయన కంచు పోత పోస్తాడు, నేను ఆకురాయితో నునుపు చేస్తాను. ఒకప్పుడు మా పనంతా ఎద్దుల మెడగంటలు. నల్లమాడ వైపు పల్లెల్లో ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక గంటలు అడిగేవాళ్లు లేకపోయారు. నేనే పోరి పోరి నాయన్ని తలుపు పిడుల్లోకి, కబోర్డు హ్యాండిళ్లలోకి దించాను. కొత్తిళ్లు కట్టుకునేవాళ్లకు ఇప్పుడు గట్టి కంచంటే మోజు. లోపల బోలు లేకుండా చేతికి బరువుగా తగులుతుంది కదా.

నాకు నిలకడ తక్కువ. అచ్చు చల్లారేలోపు కొట్టానికీ వీధికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను. నాయన మాత్రం కూర్చున్న చోటునుంచి లేవడు. గంటల నాటి అలవాటొకటి ఆయన్ని వదల్లేదు. మూసలో రాగీ తగరమూ కరిగాక, ముందు చిన్న ముక్క ఒకటి పోసి చల్లారుస్తాడు. దాన్ని దారానికి వేలాడదీసి, ఇనుప చువ్వతో కొట్టి వింటాడు. సరిగ్గా మోగకపోతే మూసలో ఇంకాస్త తగరం వేస్తాడు. తలుపు పిడి మోగాల్సిన పనేముంది, అదేమన్నా ఎద్దు మెడలో కట్టేదా అని నేను విసుక్కుంటే ఉలకడు, పలకడు. మొండితనం అనుకునేదాన్ని.

ఈ వేసవిలో నా ఆకురాయి తెగడం మానేసింది. ఎంత అదిమినా కంచు మీద జారిపోయేది. నాసిరకం అంటగట్టావని కదిరి బజారులో అంగడాయనతో గొడవపడి కొత్తది తెచ్చుకున్నాను. అదీ అంతే.

అంతలో కొత్తచెరువు నుంచి ఫోన్ వచ్చింది. మా దగ్గర ఇంటి తలుపులన్నిటికీ పిడులు చేయించుకున్న ఆవిడ. గాలికి వాకిలి తలుపు ధడేలుమని కొట్టుకుంటే పిడి రెండు ముక్కలైందట. వెంటనే బస్సెక్కాను. ఆవిడ తిట్టలేదు. ముక్కలు చేతిలో పెట్టి, మిగతావి కూడా ఇట్లాంటివేనా, ఇంట్లో చిన్నపిల్లలున్నారు అని మాత్రం అంది. విరిగిన చోట కంచు పాలిపోయి రవ్వరవ్వగా ఉంది. ఆ రంగు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. బండమీద పడి పగిలిన గంట లోపల అట్లాగే ఉండేది. తగరం ఎక్కువైతే కంచు బాగా మోగుతుంది, గట్టిబడుతుంది, దెబ్బ తగిలితే పగులుతుంది. తప్పు ఆకురాయిది కాదు.

తిరుగు బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాను. ఇంక పోత మానిపించేయాలి అనుకున్నాను. మానిపిస్తే ఈయన పొద్దున్నే దేనికోసం లేస్తాడు అని మరుక్షణమే అనిపించింది. కొలిమి రాజేయని రోజు అన్నం కూడా సరిగ్గా తినడు. ఏమనాలో, ఎట్లా అనాలో ఊరొచ్చేదాకా నాలో నేనే పోట్లాడుకుంటూ వచ్చాను.

గేటు తీస్తుంటేనే ఖంగుమని మోత వినబడింది. వెనక కొట్టం దగ్గరికి పోయేసరికి నాయన నాకు వీపు పెట్టి, ముక్కను చెవికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని కొడుతున్నాడు. కొట్టి, కాదన్నట్టు తలూపి, తగరం డబ్బాలో చెయ్యి పెట్టాడు. నాయనా అని పిలిచాను. తిరగలేదు. గొంతు చించుకుని మళ్లీ పిలిచాను. రేకుల మీద పావురాలు లేచిపోయాయి గానీ నాయన కదల్లేదు.

ఈమధ్య టీవీ ఎందుకంత గట్టిగా పెడుతున్నాడో అప్పుడు అర్థమైంది. బస్సులో కూడబెట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు, ఏడుపొచ్చింది. వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని, డబ్బా పక్కన పెట్టి, విరిగిన పిడి అరచేతిలో ఉంచాను. విరిగిన చోటు చూశాడు. నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. ముక్క వేలాడుతున్న దారం నా చేతికిచ్చి, నువ్వు కొట్టమన్నట్టు సైగ చేశాడు. కొట్టాను. ఆయన ముక్కను చూడలేదు, నా మొహం చూశాడు.

"మోగినాదా?"

"గేటుకాడికే ఇనపడె నాయనా," అని చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"తగరం చాల్లేదనుకుంటి పాపా. ఎంత ఏసినా చాలకపాయ."

మర్నాడే కొత్తచెరువు వెళ్లి ఆ ఇంటి పిడులన్నీ ఊడదీసుకొచ్చాము. మిగతా ఇళ్లవి ఇంకా తేవాలి. తెచ్చినవాటికి రాగి కలిపి మళ్లీ కరిగిస్తున్నాము. ఇప్పుడు ముక్కను కొట్టేది నేనే. గంట మాదిరి మోగితే కాదని చెప్పమన్నాడు నాయన. నేను తలూపేదాకా అచ్చులో పోయడు, నా మొహం మీదినుంచి చూపు తిప్పడు. ఒక్కచోట నిలబడలేని నేను, మోత పూర్తిగా ఆగిపోయేదాకా కదలకుండా నిలబడుతున్నాను. సరిగ్గానే విన్నానా అని లోపల బెదురుగానే ఉంటుంది. అయినా తలూపుతాను.