బావ ఎగరగొట్టిన సున్నా

కళ్లద్దాల కంపెనీలో, అద్దాల వంపులు లెక్కగట్టే గదిలో ఆయన అందరికీ బావే. నిజానికి పక్క కుర్చీలోని బావమరిదికి ఒక్కడికే బావ. ఇద్దరి కోడ్‌నూ పరీక్షించేది బావ భార్య. బావ రాసే కోడ్ పిడికెడు, చెప్పే కబుర్లు గంపెడు. అత్తగారింట్లోనే కాపురం కాబట్టి, భోజనాల దగ్గర అందరూ ఆ గంప మోయాల్సిందే.

ఆ గదిలో ఏటా ఒక పందెం. ఈసారి అద్దాల వంపుల్ని వర్ణించే లంబ బహుపదులనే గణిత సూత్రాల కుటుంబాన్ని అతి పొట్టి కోడ్‌తో పుట్టించాలి. ఆ కుటుంబంలో ఒకరి వ్యవహారంలో ఇంకొకరు వేలు పెట్టరు. అలాంటి కుటుంబం లెక్కల్లోనే దొరుకుతుంది. ఏటా బావమరిది చేతిలో ఓడే బావకు ఒళ్లు మండి, "ఈసారి ఓడితే నెల్లాళ్లు భోజనాల దగ్గర నోరు విప్పను" అనేశాడు. ఇంటిల్లిపాదీ బావమరిదిని దీవించారు.

ప్రతి బహుపదీ తన ముందున్న రెండింటి నుంచి పుడుతుంది. మొట్టమొదటిదానికి ముందు ఎవరూ లేరు. ఆ లేని పెద్దమనిషి వాటాను సూత్రం ఎలాగూ సున్నాతోనే గుణిస్తుంది; అయినా ఆ చోట అందరూ ఒక సున్నా పెడతారు.

"ఎలాగూ సున్నాతో గుణించేదేగా! అక్కడ ఎవడుంటే ఏంటి?" అని బావ ఆ ముక్క ఎగరగొట్టి, పాత లెక్కలో వాడి వదిలేసిన వేరియబుల్‌నే కూర్చోబెట్టాడు. కోడ్ బావమరిది కోడ్‌కన్నా పొట్టిదైంది.

భార్య నడిపి చూసింది. ఆ వేరియబుల్‌లో పాత లెక్క వదిలిన అనంతం తిష్ఠ వేసుకుని ఉంది. అనంతాన్ని సున్నాతో గుణించమంటే కంప్యూటర్ "సంఖ్య కాదు" అని చేతులెత్తేస్తుంది. బిడ్డా సంఖ్య కాలేదు, మనవలూ కాలేదు. స్క్రీన్ నిండా అదే మాట.

"పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. ఏమీ కానివాడికైనా ఒక చోటు చూపించాలండీ," అంది భార్య.

పందెం పోయింది. ఆ పూట నుంచి బావ తలొంచుకుని తిన్నాడు. తను మాట్లాడకపోతే ఈ ఇంటికి వచ్చిన నష్టమేమీ లేదనుకుని అందరికన్నా ముందే చెయ్యి కడుక్కునేవాడు. మొదట్లో అందరికీ హాయిగానే ఉంది. తర్వాత గరిటెల చప్పుడు వినబడసాగింది. కూరలో ఉప్పు తక్కువైందని అత్తగారు తనే ఒప్పుకున్నా వెక్కిరించే దిక్కు లేదు.

చివరికి బావమరిదే కంచం పక్కకు నెట్టాడు. "పందెం గిందెం వదిలెయ్, బావా. ఆ సున్నా ఎందుకు తీసేశావో చెప్పు."

బావ తన భార్య వైపు చూశాడు. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మొదట్నుంచీ చెప్పండి," అంది. "ఏదీ ఎగరగొట్టకుండా."